లేక్‌విండ్ కథలు జరగలేదు

కర్టిస్ తెరమీద వేసిన సూపర్‌హీరోయిన్ లేక్‌విండ్ కొత్త రూపాన్ని చూడగానే అవని కళ్లు అలవాటుగా గడ్డం కిందికి వెళ్లాయి. అక్కడ ముడి లేదు.

పాత లేక్‌విండ్ నీలం ముసుగును తలచుట్టూ తిప్పి ఎడమ దవడ కింద ముడి వేసుకునేది, చలిలో బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు మఫ్లర్ కట్టుకున్నట్టు. ఈ కొత్త ముసుగు మొహానికి రబ్బరులా అతుక్కుని ఉంది. దాని వెనక బంగారు రంగు జుట్టు, ఇరవై నాలుగేళ్ల వయసు, టెస్సా అనే పేరు. వృత్తి ఆర్కిటెక్ట్. తండ్రికి షికాగో నడిబొడ్డున టవర్లున్నాయి.

"ఇకనుంచి లేక్‌విండ్ ఈమె," అన్నాడు కర్టిస్. కామిక్స్ కంపెనీని కొత్తగా కొన్నవాళ్లు కిందటేడాది పంపిన చీఫ్ ఎడిటర్ అతను. మర్యాదస్తుడు, ఎవరిమీదా గొంతెత్తడు. "ఇకనుంచి అని కూడా కాదు. మొదటినుంచీ ఈమే."

"మరి ఇన్నాళ్లూ ఆ ముసుగు వెనకున్న సుభద్ర?" అని అడిగింది అవని.

"ఆ కథలన్నీ ఇమాజినరీ అవుతాయి."

ఆ మాటకు అర్థం అక్కడున్న అందరికీ తెలుసు. కామిక్స్‌లో అన్నీ కల్పించినవే. అయినా కొన్ని జరిగినవి, కొన్ని జరగనివి. జరిగినవాటికి ముందూ వెనకా ఉంటుంది. ఒక సంచికలో విరిగిన చెయ్యి తర్వాతి సంచికలో కట్టుతో కనబడాలి. ఒకసారి బయటపడ్డ రహస్యం మళ్లీ రహస్యం కాకూడదు. అవి చూడడమే కంటిన్యుటీ ఎడిటర్‌గా అవని ఉద్యోగం. ఎవరి ముసుగు వెనక ఎవరున్నారో ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది అన్నది పన్నెండేళ్లుగా ఆమె బుర్రలో పెట్టుకు తిరుగుతోంది. జరగనివాటికి మాత్రం ఆమె అవసరం లేదు. ఇమాజినరీ అని ఒక్క ముద్ర వేస్తే చాలు, ఆ మనుషులు పుట్టలేదు, ఆ పెళ్లిళ్లు కాలేదు, ఆ చచ్చినవాళ్లు చావలేదు.

"సుభద్రవి తొంభై సంచికలు," అంది అవని.

"తెలుసు. కానీ నువ్వే చెప్పు, ఆమె రహస్యం మొగుడికి తెలుసా, తెలియదా? ముప్పై ఒకటో సంచికలో అతను కిటికీలోంచి ఆమె దిగిరావడం చూస్తాడు. యాభై ఎనిమిదిలో ఆమె నిజం చెబితే మొదటిసారి విన్నట్టు అదిరిపోతాడు. ఇరవై ఏళ్లుగా పాఠకులు ఇదే అడుగుతున్నారు. మన దగ్గర జవాబు లేదు. పైగా ఆవిడ ముసుగు ఎందుకు వేసుకుంటుంది? విలన్ల భయంతో కాదు. డిపెండెంట్ వీసా మీద ఉంది, పని చేస్తున్నట్టు తెలిస్తే పంపించేస్తారని. ఇప్పుడున్న రోజుల్లో ఆ కథ ఎటు తిప్పి చెప్పినా గొడవే కదా?"

కొత్త సిరీస్ మొదటి సంచిక చివర రెండు పేజీలు సుభద్రకు వీడ్కోలుగా ఇస్తామన్నాడు. జరిగినదంతా ఊహేనని పాఠకుడికి ఎలాంటి అనుమానమూ లేకుండా తెలియాలి. అది అవని రాయాలి, శుక్రవారానికి. బొమ్మలు మొదటినుంచీ సుభద్రను గీసిన ఫణికుమార్ చేతే వేయిద్దాం, పెద్దాయనకు గౌరవంగా ఉంటుందన్నాడు. ఆ మాట నిజంగానే మంచి మనసుతో అన్నాడు.

*

ఫణికుమార్ షికాగో శివారు నేపర్‌విల్ స్టేషన్ బయట కారు పక్కన నిలబడి ఉన్నారు. రైలు దిగిన జనంలో అవనిని గుర్తుపట్టి చెయ్యెత్తారు. అరవై దాటిన మనిషి, పల్చని ఒళ్లు, కుడిచేతి చూపుడువేలు పక్కన ఇండియా ఇంకు ఎప్పటికీ పోని మచ్చగా ఉండిపోయింది. హైదరాబాద్ ఫైనార్ట్స్ కాలేజీ నుంచి షికాగో వచ్చి, కామిక్స్ కంపెనీ ఇప్పించిన వీసా మీదే ఇక్కడ నిలబడ్డవారు. లేక్‌విండ్ ప్రతి సంచిక మీదా కథ, బొమ్మలు అని ఒకటే పేరు ఉంటుంది. ఆయనదే.

"ఈమెయిల్ చూశానమ్మా. ఇమాజినరీ చేస్తున్నారటగా," అన్నారు కారు స్టార్ట్ చేస్తూ.

"సారీ అంకుల్."

"నువ్వేం చేస్తావులే. బొమ్మలు నన్నే వేయమన్నారు, అదొకటి మేలు."

ఇల్లు చేరేసరికి ఆయన భార్య శాంతి ముందు గదిలో కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుడుతున్నారు. ఊళ్లో డ్రైక్లీనింగ్ షాపువాళ్లు ఆమెకు ఆల్టరేషన్ పని ఇస్తుంటారు. నోట్లో గుండుసూదులు ఉండటంతో అవనిని చూసి తలే ఊపారు. తర్వాత ఒక్కొక్క సూదీ తీసి గుడ్డకు గుచ్చి, "కూర్చో అమ్మా, టీ పెడతాను," అని లేచారు.

అవని తన ట్యాబ్లెట్‌లో రెండు పేజీలు తెరిచి బల్లమీద పెట్టింది. ముప్పై ఒకటో సంచికలో గోపాల్, అంటే సుభద్ర భర్త, అపార్ట్‌మెంట్ కిటికీ దగ్గర చీకట్లో నిలబడి ఉన్నాడు. బయట ఫైర్ ఎస్కేప్ మెట్లమీదికి సుభద్ర గాలిలోంచి దిగుతోంది. యాభై ఎనిమిదో సంచికలో ఆమె తలుపు తీసుకుని లోపలికి వస్తుంది, ముసుగు విప్పుతుంది, చెబుతుంది. గోపాల్ నోరు తెరుచుకుని ఉంది.

"అంకుల్, ఇది మీరు కావాలని చేసిందే అని నేను ప్రూవ్ చేస్తే, వాళ్లని ఆపొచ్చేమో. ఇది మిస్టేక్ కాదు కదా? ఏదో రీజన్ ఉంటుంది కదా?" అవని తెలుగు ఇంట్లో విని నేర్చుకున్నది, అడగాల్సింది ముఖ్యమైనదైతే మాటలు ఇంకా మెల్లగా వస్తాయి.

ఫణికుమార్ కళ్లజోడు నుదుటి మీదికి తోసి రెండు పేజీలూ చాలాసేపు చూశారు. కిటికీ దగ్గరి నీడను వేలితో తడిమారు. "ఈ నీడ బాగా వచ్చింది," అన్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. "మర్చిపోయి ఉంటానమ్మా. నెలకొకటి వేసేవాణ్ణి. మధ్యలో రెండేళ్లు గడిచాయి. పొరపాటే."

ఆయన అబద్ధమాడే మనిషి కాదు.

"మర్చిపోలేదు," అన్న మాట వంటింట్లోంచి వచ్చింది.

శాంతి టీ కప్పులు తెచ్చి బల్లమీద పెట్టారు. ట్యాబ్లెట్ వైపు వంగి, తడి వేలు తెరకు తగలకుండా దూరంనుంచే చూపించారు. "అతనికి తెలుసు. తెలుసని ఆమెకు తెలిస్తే, ఆమె ఇక వెళ్లదు. ఇంట్లో మనిషిని ఇరకాటంలో పెట్టడం ఎందుకని మానేస్తుంది. అందుకని తెలియనట్టు ఉంటాడు. ఆమె చెప్పిన రోజు కూడా అదే చేస్తాడు. చేతిలో ఏముందో చూడు."

అవని బొమ్మను పెద్దది చేసింది. నోరు తెరిచిన గోపాల్ కుడిచేతిలో, సగం ఒంటి వెనక, మడతపెట్టిన తువ్వాలు ఉంది.

"బయట వాన. ఆమె తడిసి వస్తుందని తెలియకపోతే తలుపు దగ్గర తువ్వాలు పట్టుకుని ఎందుకు నిలబడతాడు?"

ఆ పేజీని అవని వందసార్లు చూసి ఉంటుంది. తువ్వాలును ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఏళ్లుగా కొట్టుకుంటున్న పాఠకులు ఎవరూ చూడలేదు. తలెత్తి ఫణికుమార్ మొహంలోకి చూసింది. ఆయన కూడా ఇప్పుడే చూస్తున్నారు.

"తువ్వాలు పెట్టమన్నావు, గుర్తుంది," అన్నారు నెమ్మదిగా. "ఎందుకో చెప్పలేదు నువ్వు."

"చెప్పాను. మీరు ఇంకు వేసుకుంటున్నారు."

ఆయన నవ్వారు, కొంచెం ఇబ్బందిగా. "శాంతి అప్పుడప్పుడు ఏదో ఒకటి చెప్పేదమ్మా. ఇంట్లోనే ఉండేదిగా, తోచక." ఒరిజినల్ పేజీ బేస్‌మెంట్‌లో ఉండాలి, తెస్తానంటూ కిందికి వెళ్లారు. మెట్లమీద ఆయన అడుగులు, ఆ తర్వాత సొరుగులు లాగుతున్న చప్పుడు వినిపించాయి.

శాంతి మళ్లీ కుర్చీలో కూర్చుని ప్యాంటు ఒళ్లోకి లాక్కున్నారు.

"ఆంటీ, కథలు మీరు రాశారు కదా," అంది అవని. "అన్నీ?"

"రాయడమేముంది, చెప్పేదాన్ని. ఆయన రాసుకునేవారు." సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ వెలుతురులోకి ఎత్తారు. "ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి వచ్చాను. హెచ్-ఫోర్ అని, డిపెండెంట్ వీసా. పని చేయకూడదు. కథమీద నా పేరు వేస్తే అది పని కిందికి వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. లాయరు వద్దన్నాడు, వద్దనుకున్నాం. పొద్దున ఆయన వెళ్లాక సాయంత్రం దాకా ఆ అపార్ట్‌మెంట్‌లో ఏం చేస్తాను? కిటికీలోంచి చూసేదాన్ని. ఆ సుభద్రను అలా పంపేదాన్ని."

"తర్వాత? గ్రీన్‌కార్డ్ వచ్చాక చెప్పొచ్చు కదా?"

"వచ్చేసరికి సిరీస్ ఆగిపోయింది. అప్పటికే ఆయన అన్ని ఊళ్లూ తిరిగి స్టేజీలమీద చెప్పారు, ఎలా రాశారో, ఎందుకు రాశారో. చెప్పీ చెప్పీ ఆయనకు అలాగే గుర్తుండిపోయింది." దారం ఎక్కింది. కొన ముడి వేసి పంటితో తుంచారు. "చెడ్డవాడు కాదమ్మా. నిజంగానే అలా గుర్తుంది."

కిందినుంచి ఫణికుమార్ గొంతు వినిపించింది. యాభై ఏడు దొరికిందట, యాభై ఎనిమిది కనబడటం లేదట.

*

మర్నాడు అవని కర్టిస్ గదిలో తువ్వాలు చూపించింది. అతను కుర్చీ దగ్గరికి లాక్కుని బొమ్మలోకి వంగి చూశాడు. మొహం విచ్చుకుంది.

"అందంగా ఉంది," అన్నాడు. "నిజంగా. ఇరవై ఏళ్లు ఎవరికీ కనబడలేదా?"

"అంటే కంటిన్యుటీలో తప్పు లేదు. పాఠకుల ప్రశ్నకు జవాబు ఉంది. సుభద్రను ఉంచొచ్చు. టెస్సా రెండో లేక్‌విండ్ కావచ్చు."

కర్టిస్ వెనక్కి వాలాడు. జాలి పడ్డట్టే చూశాడు. "అవనీ, తప్పు ఉందని ఇమాజినరీ చేయడం లేదు. చేయాలనుకున్నాం కాబట్టి తప్పు వెతికాం. ఇది కాకపోతే ఇంకొకటి దొరికేది." చేతులు బల్లమీద పెట్టాడు. "నువ్వు రాయలేనంటే చెప్పు, ఏమీ అనుకోను. సీరియల్ వెబ్‌సైట్లకు రాసే కుర్రాడొకడు ఉన్నాడు, గంటలో ఇచ్చేస్తాడు. సుభద్ర నిద్రలేస్తుంది, అంతా కల. అయిపోతుంది."

"నేనే ఇస్తాను," అంది అవని.

తన సీటుకు తిరిగి వెళ్లి తెల్లటి తెరముందు కూర్చుంది. రెండు వాక్యాలు రాసి కొట్టేసింది. ఇతరులు రాసినవాటిలో తప్పులు పట్టడం వచ్చు గాని, ఏమీ లేనిచోట ఒక మనిషిని నిలబెట్టడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. భోజనం వేళకు మెట్లదారిలోకి వెళ్లి శాంతికి ఫోన్ చేసింది. కర్టిస్ అన్నదంతా చెప్పింది. అవతల కుట్టుమిషన్ ఆగింది.

"కలట," అన్నారు శాంతి.

"అవును ఆంటీ."

"ఆయన మధ్యాహ్నం పడుకుంటారు. అప్పుడు ఆ రెండు పేజీలూ చెప్తాను. నాకు కథ ఇంగ్లీషులో రాదు, తెలుగులోనే చెప్తాను."

"నాకు తెలుగు చదవడం రాదు. వాయిస్ మెసేజ్ పంపండి."

ఆ మధ్యాహ్నం మెసేజీలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. లోగొంతుతో, ఆగి ఆగి, మధ్యలో ఎక్కడో ఫ్రిజ్ రొద. అవని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కొక్కటీ మూడేసిసార్లు విని ఇంగ్లీషులోకి దించింది. శాంతి పేజీలో బొమ్మల గడుల లెక్కనే చెప్పారు. ఏ గడిలో ఎంత కనబడాలి, ఎక్కడ మాట ఉండకూడదు అన్నది కూడా.

మొదటి పేజీలో సుభద్రకు పోస్టులో కార్డు వస్తుంది. పని చేసుకోవచ్చునని. కవరు చింపి, కార్డు మీద తన ఫొటో చూసుకుంటుంది. మర్నాడు ఒక షాపులో కౌంటర్ వెనక నిలబడుతుంది. ఛాతీమీద పేరుపట్టీ, దానిమీద పేరు తప్పుగా ఉంటుంది. సరిచేయమని అడగదు. రెండో పేజీలో రాత్రి ఇంటికి వస్తుంది, కాళ్లు నొప్పులు. బీరువా తెరిస్తే నీలం గుడ్డ ఉంటుంది. దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు కొన్నానో అనుకుంటుంది. ఎగిరినట్టు గుర్తుంది గాని ఎలా ఎగిరేదో గుర్తు లేదు. ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏవేవో అనుకునేదాన్ని అని భర్తతో అంటుంది. అవునా అంటాడు అతను, పేపర్లోంచి తల ఎత్తకుండా. చివరి గడి పేజీలో సగం ఉండాలి. కిటికీ, దానిమీద ఆమె చెయ్యి. అంతే.

అవని ఆఖరి వాక్యం టైపు చేసి ఇయర్‌ఫోన్లు తీసింది. కర్టిస్ అడిగినది తూచా తప్పకుండా అందులో ఉంది. జరిగినదంతా ఊహే. ఎవరికీ అనుమానం ఉండదు. ఆ ఊహ ఎవరిదో, ఎందుకు ఊహించిందో తెలిశాక మాత్రం దాన్ని లేదనడం ఎవరికీ చేతకాదు.

సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. "ఆంటీ, మీ పేరు పెడతాను."

శాంతి ఇంట్లో లోపలి గదిలో టీవీ మోగుతోంది. ఆమె వద్దంటారని అవని సిద్ధంగా ఉంది, ఎలా ఒప్పించాలో కూడా ఆలోచించుకుంది.

"పెట్టు," అన్నారు శాంతి. తర్వాత గొంతు ఇంకొంచెం తగ్గించి, "ఎస్, హెచ్, ఏ, ఎన్, టీ, హెచ్, ఐ. టీ తర్వాత కూడా హెచ్ ఉంటుంది. అందరూ మర్చిపోతారు."

*

శుక్రవారం మధ్యాహ్నం కర్టిస్ అవని సీటు దగ్గరికే వచ్చాడు. రెండు పేజీలూ ప్రింట్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇది మేం అడిగినదానికంటే చాలా ఎక్కువ," అన్నాడు. "ఒక్క అక్షరం మార్చను. కానీ ఈ పేరు ఎవరిది? లీగల్‌వాళ్లు అడుగుతున్నారు. మన దగ్గర ఈవిడ కాంట్రాక్ట్ లేదు."

నిజం అవని నోటిదాకా వచ్చింది. ఈవిడే అన్నీ రాసింది, తొంభై సంచికలూ. చెబితే తర్వాత ఏం జరుగుతుందో కూడా ఆమెకు తెలుసు. లీగల్‌వాళ్లు పాత ఫైళ్లు తీస్తారు. కథ నాదేనని నెలనెలా సంతకం పెట్టిన ఫణికుమార్‌ను పిలుస్తారు. ఆయన నాదేనంటారు, అబద్ధం ఆడుతున్నానని తెలియకుండానే. బొమ్మలు ఆయన చేతిలోంచి తీసేస్తారు. ఈ రెండు పేజీలు కూడా పోతాయి. వెబ్‌సైట్ల కుర్రాడు గంటలో రాసిచ్చిన కల అచ్చవుతుంది.

"నాకు హెల్ప్ చేసిన ఫ్రెండ్," అంది.

"అయితే థాంక్స్ చెప్పెయ్, పేరు వద్దు. నీది వేస్తున్నాను."

"పేరు లేకుండా వదిలేయొచ్చా?"

"ఎవరో ఒకరు రాసి ఉండాలి కదా," అన్నాడు కర్టిస్ మృదువుగా. ఆమె భుజం తట్టి వెళ్లిపోయాడు.

అవని శాంతికి మెసేజ్ పెట్టింది, సారీ అని, ఎందుకో వివరంగా. జవాబు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో వచ్చింది. పర్లేదమ్మా, సరే. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు.

స్క్రిప్టు ఫణికుమార్‌కు వెళ్లింది. పైన అవని పేరుంది.

*

శనివారం పొద్దున అవని బట్టలు మడతపెడుతుంటే ఆయన ఫోన్ చేశారు.

"రాత్రే చదివానమ్మా. నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు నేను రాసిన సుభద్ర ఒకెత్తు, నువ్వు ఈ రెండు పేజీల్లో రాసింది ఒకెత్తు. ఆ పేరుపట్టీ సంగతి నాకు తట్టేది కాదు. ఎలా తట్టిందమ్మా నీకు?"

అవని మంచం అంచున కూర్చుంది. "అంకుల్, ఆంటీ చూశారా?"

"శాంతికి పొద్దున చదివి వినిపించాను. బాగుందంది. టీ గిన్నె పొయ్యిమీద పెట్టానని లేచి వెళ్లింది." కాగితాలు సర్దుతున్న చప్పుడు. "నేను బల్ల దగ్గరే కూర్చున్నాను. ఒక్క సందేహం ఉండి చేశాను. చివరి గడిలో కిటికీ మీద చెయ్యి అని మాత్రమే రాశావు. మూస్తోందా, తెరుస్తోందా? వేళ్లు దాన్నిబట్టి వేయాలి నేను."

వాయిస్ మెసేజ్ అవనికి కంఠతా వచ్చు. కిటికీ, దానిమీద ఆమె చెయ్యి. అంతే. ఆ అంతే తర్వాత శాంతి ఊపిరి వినిపించింది, మెసేజ్ అయిపోయింది.

"ఆంటీని అడగండి అంకుల్," అంది.

ఆయన నవ్వారు. "శాంతికి ఇలాంటివి పట్టవమ్మా. రాసినదానివి నువ్వు, నువ్వే చెప్పాలి."

అవతల ఎక్కడో వంటింట్లో పంపు తిప్పిన చప్పుడు, నీళ్లు పడుతున్న చప్పుడు. ఆయన్ని ఫోన్ ఆమెకివ్వమనవచ్చు. అడిగితే ఆమె ఏం చెబుతారు? ఆయన ముందు ఏం చెప్పగలరు? అవని ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది. తెరుస్తోంది అంటే సుభద్ర మళ్లీ ఎగరబోతున్నట్టే, కర్టిస్ ఆ గడి తీసేస్తాడు. అనుమానం ఉండకూడదన్నాడు.

"మూస్తోంది అంకుల్," అంది.

"నేనూ అదే అనుకున్నాను," అన్నారు ఫణికుమార్ తృప్తిగా. "ఉండు, పెట్టేయకు, వేసి చూస్తాను."

ఫోన్ బల్లమీద పెట్టినట్టున్నారు. కాగితంమీద పెన్సిల్ కదులుతున్న చప్పుడు సన్నగా, ఆగకుండా వినిపిస్తూ ఉంది.